మెదడులో నెత్తురు నడచు తీరు



చిత్రములను గూర్చి రేడియోలో మాటలాడుట కొంత చోద్యముగానే తోచును. చూపవలసిన వస్తువును చూపు వీలు లేక, వినువారి మనస్సులో దానిని మాటలతోనే గీయవలసిన పని నాపై బడినది. అయినను ఈ విషయమునకు అది యొక మేలే యని నా యభిప్రాయము. ఏలయన, మెదడులోని రక్తప్రవాహమును ఎఱుపు, పసుపు, నీలి వన్నెలలో చూపు ఈ చిత్రములు కంటికి ఎంత యింపుగా నుండునో చూచువానిని అంత సులభముగా భ్రమింపజేయగలవు గనుక, రంగులు కంటబడకముందే వాని వెనుకనున్న సంగతి చెవినిబడుట మంచిది.

మన యూళ్లలో "తలకు స్కాన్ తీయించితిమి" అన్నచో సాధారణముగా సి.టి. స్కాన్ గాని ఎం.ఆర్.ఐ. గాని యని యర్థము. అవి మెదడు యొక్క ఆకారమును చూపును: లోపల గడ్డ యేదైన పెరిగినదా, రక్తము చిమ్మినదా, ఏ భాగమైనను కుంచించుకొని పోయినదా యను ప్రశ్నలకు బదులు చెప్పును. నేడు నేను ప్రస్తావింపబోవు పరీక్షలు వేఱుజాతివి. అవి ఆకారమును గాక, ఫలానా నిమిషమున మెదడులోని యే భాగమునకు ఎంత రక్తము చేరుచున్నదో చెప్పును. ఆకారము చెక్కుచెదరక యుండగనే ప్రవాహము సన్నగిల్లుట కలదు. ఆకారము చెడిన పిమ్మటను ప్రవాహము నిండుగా నుండుటయు కలదు. ఈ పరీక్షల ప్రయోజనమునకును, వానివలన గలుగు పొరపాట్లకును కూడ ఈ రెంటికిని నడుమ గల యెడమే మూలము.

మెదడు బరువు మన దేహపు బరువులో నూటికి 2 పాళ్లు మాత్రమే. అయినను గుండె నిమిషమునకు పంపు రక్తములో నూటికి ఇంచుమించు 15 పాళ్లును, దేహము విశ్రాంతిలో వినియోగించు ప్రాణవాయువులో 20 పాళ్లును ఈ చిన్న యవయవమే పుచ్చుకొనుచున్నది. పైగా దీనికి దాచుకొను నలవాటు లేదు. కండరములకు, కాలేయమునకు కొంత నిలువ చేసికొను శక్తి కలదు గాని, మెదడునకు ఏ క్షణపు గ్రాసము ఆ క్షణమున రక్తముతోనే రావలెను. ప్రవాహము పూర్తిగా నిలిచిపోయినచో పది సెకనులలోపుననే మనిషికి స్పృహ తప్పును. ఆరోగ్యవంతుడైన వయోజనుని మెదడులో 100 గ్రాముల భాగమునకు నిమిషమునకు ఇంచుమించు 50 మిల్లీలీటర్ల రక్తము ప్రవహించును. ఈ 50 అను అంకెను శ్రోతలు కొంచెము జ్ఞాపకముంచుకొనవలెనని నా మనవి. ముందు మరల దీనితో పని కలదు.

పుఱ్ఱె యెముకలో మూయబడిన యీ ప్రవాహమును మనుష్యుడు తొలుత ఎట్లు పసిగట్టెనను కథ మిగుల మనోహరమైనది. 19వ శతాబ్దపు చివరి భాగమున ఇటలీలోని ట్యూరిన్ నగరమున ఆంజెలో మొస్సో అను శరీరధర్మ శాస్త్రజ్ఞుడు, తలకు గాయమై పుఱ్ఱెలో కొంత యెముక పోయి, ఆ సందున మెదడు కొట్టుకొనుట పైకి కనబడుచున్న కొందఱు రోగులను పరీక్షించెను. వారిలో బెర్టినో అను నొక రైతు కలడు. అతడు ఊరక కూర్చుండియుండగా, మధ్యాహ్నపు వేళ చర్చి గంటలు మ్రోగినవి. అతని మెదడు కొట్టుకొనుటను కాగితముమీద గీయుచున్న యంత్రపు గీత ఒక్కసారిగా పైకి లేచెను. చేతినాడిలో మాత్రము మార్పు లేదు. ఆ గంటలు విన్నంతనే ప్రార్థన చేయవలసియుండెనా యని అతని నడిగినపుడు గీత మరల లేచెను. ఎనిమిది పండ్రెండులెంతయని అడిగినపుడును అట్లే. తలపు కదలినచోటికి నెత్తురు పరువెత్తుననుటకు మనుష్యునియందు దొరకిన మొదటి గుఱుతులలో నిది యొకటి.

1928వ సంవత్సరమున బోస్టన్ నగరమున జాన్ ఫుల్టన్ అను వైద్యుడు ఇంతకంటె విచిత్రమైన రోగిని గూర్చి వ్రాసెను. ఆ రోగికి మెదడు వెనుకభాగమున, అనగా దృష్టికి సంబంధించిన తావున, రక్తనాళములు చిక్కుపడి పెరిగి యుండెను. తనకు తల వెనుక ఏదో హోరు వినబడుచున్నదని అతడు చెప్పెడివాడు. వైద్యుడు స్టెతస్కోపు ఆనించి వినగా ఆ హోరు తనకును వినబడెను. వినబడుటయే గాక, రోగి వార్తాపత్రిక చదువ మొదలిడిన కొలదిసేపటికి అది హెచ్చుచు, చదువుట మానగా తగ్గుచుండెను. చిత్రములు లేని ఆ కాలమున మెదడు పని చేయు సవ్వడిని చెవితో వినగలిగిన అదృష్టవంతులు ఆ వైద్యులు. రేడియో వంటి శ్రవణసాధనమున చెప్పుటకు ఇంతకంటె తగిన ఉదాహరణము నాకు కానరాదు.

ప్రవాహమును కొలిచి అంకెలలో చెప్పిన ఘనత సీమూర్ కెటీ, కార్ల్ ష్మిట్ అను అమెరికా శాస్త్రజ్ఞులకు చెల్లినది. 1940ల నడుమ వారు ఫిలడెల్ఫియాలో కొందఱచేత నైట్రస్ ఆక్సైడు కలిపిన గాలిని పీల్పించి, ధమనిలోని రక్తమునందును, మెదడునుండి దిగివచ్చు సిరలోని రక్తమునందును ఆ వాయువు ఎంతెంత యున్నదో కాలక్రమమున చూచి, రెంటికిని గల భేదమునుబట్టి ప్రవాహమును లెక్కించిరి. అంతకుముందు చెప్పిన 50 అను అంకెకు పునాది అక్కడనే పడినది. అయితే తరువాతి పరీక్షలలో వింతయొకటి బయటపడెను. మనిషి కష్టపడి లెక్కలు చేయుచున్నను, నిద్రించుచున్నను, మొత్తము మెదడునకు చేరు రక్తము చెప్పుకొనదగినంతగా మారుట లేదు. మొస్సో చూచినది కల్లయా యని సందేహము కలుగవచ్చును. కల్ల కాదు. మొత్తము స్థిరముగానే యుండి, లోపలి పంపకము మాత్రము క్షణక్షణమును మారుచుండుననుటయే రహస్యము. ఆ పంపకమును ప్రాంతమువారీగా చూపినవారు కోపెన్‌హేగెన్ నగరపు నీల్స్ లాసెన్, స్వీడన్ దేశమందలి లుండ్ నగరపు డేవిడ్ ఇంగ్వర్. మెడలోని ధమనిలో రేడియోధార్మికమైన జెనాన్ వాయువును ద్రవములో కరగించి ఎక్కించి, తలకు ఒక ప్రక్కగా 254 కిరణగ్రాహకములను నిలిపి, మాటలాడునపుడు ఏ భాగము, వినునపుడు ఏ భాగము, వ్రేళ్లు కదల్చునపుడు ఏ భాగము అధికముగా రక్తము గ్రహించునో 1970లలో వారు రంగుల పటములుగా చూపిరి. నేటి ఆసుపత్రులలో జరుగు పరీక్షలన్నియు ఈ వంశమునందు పుట్టినవే.

ఇంతవరకు చరిత్ర. ఇక రోగి మంచము దగ్గఱకు వత్తము.

అన్నిటికంటె ముందుగా పక్షవాతము. మెదడుకు పోవు ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడినపుడు, దాని యేలుబడిలోని భాగమంతయు ఒక్కమాఱుగా చనిపోవునని పూర్వము తలచెడివారు. 1981లో ఆస్ట్రప్, సీజో, సైమన్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు అది అట్లు కాదని వివరముగా తెలిపిరి. ప్రవాహము 50 నుండి 20 ప్రాంతమునకు దిగినపుడు కణము పని మానును. చెయ్యి లేవదు, మాట రాదు. కాని కణము బ్రతికియే యుండును. 10 ప్రాంతమునకు దిగినచో కణము తన పొరను కాచుకొనలేక కొలదిసేపటిలో నశించును. కృష్ణా డెల్టాలో కాలువ తల దగ్గఱ నీరు తగ్గినపుడు శివారు భూములలో ఏమి జరుగునో మన రైతులకు తెలియును: కొంత మేర పైరు ఎండిపోవును, దాని చుట్టును విస్తారమైన మేర పైరు వాడి తలవాల్చి యుండును, వాడిన దానికి నీరు తగిలినచో లేచును, ఎండిన దానికి ఎంత పాఱించినను వ్యర్థము. దూరమునుండి చూచువానికి రెండును ఒక్కతీరుననే పసుపువన్నెగా కనబడును. రోగి పడకప్రక్కన నిలిచిన వైద్యుని కష్టమును ఇదియే. చెయ్యి పడిపోయిన మాట కంటికి కనబడుచున్నది గాని, ఆ చేతిని నడపు కణములు చచ్చినవో, కొనయూపిరితో ఎదురుచూచుచున్నవో చేతిని చూచి చెప్పజాలడు.

ఈ భేదమును చెప్పుటకే సి.టి. పెర్ఫ్యూజన్ అను పరీక్ష. చేతి సిరలో అయోడిను గల మందు వేగముగా ఎక్కించి, అది మెదడులోనికి వచ్చి పోవుచుండగా ఒక నిమిషముపాటు అవే భాగములను మరల మరల చిత్రించి, ఏ భాగమునకు మందు ఎంత యాలస్యముగా వచ్చినది, ఎంత వచ్చినది, ఎంతసేపు నిలిచినది యని కంప్యూటరు లెక్కగట్టును. రక్తము ఆలస్యముగానైనను వచ్చుచున్న భాగము బ్రతికించదగినది; దాదాపుగా రాని భాగము పోయినది. ఎం.ఆర్.ఐ. తోను ఇట్టి లెక్కనే చేయవచ్చును.

ఈ లెక్క ఒక పెద్ద అన్యాయమును సవరించినది. గడ్డను కరగించు సూదిమందును లక్షణములు మొదలైన నాలుగున్నర గంటలలోపుననే ఇయ్యవలెనను నియమమునుబట్టి, రాత్రి బాగుగనే పండుకొని తెల్లవారి లేచునప్పటికి మూతి వంకరపోయి యున్నవానికి తలుపు మూసివేసినట్లే అగుచుండెను. ఏ గంటకు మొదలైనదో చెప్పువారు లేరు గదా! 2018లో వెలువడిన రెండు పరిశోధనలు ఆ తలుపు తెఱచినవి. డాన్ అను పరిశోధనలో 6 మొదలు 24 గంటల వఱకు ఆలస్యమైనవారిని చేర్చుకొని, మెదడులో చచ్చిన భాగము చిన్నదై, లక్షణముల తీవ్రత పెద్దదై యున్నవారిని చిత్రముల సాయమున ఏర్చి, సగముమందికి తొడమూలపు ధమనిగుండ సన్నని గొట్టము పంపి గడ్డను లాగివేసిరి. మూడు నెలల పిమ్మట తమ పని తాము చేసికొనగలవారు అట్టి చికిత్స పొందినవారిలో నూటికి 49 మంది, పొందనివారిలో 13 మంది. డిఫ్యూజ్-3 అను రెండవదానిలో 6 మొదలు 16 గంటలలో వచ్చినవారిని చూడగా ఆ యంకెలు 45, 17. వైద్యశాస్త్రమున ఇంతటి వ్యత్యాసము తఱచు కనబడదు. గడియారము చెప్పలేని సంగతిని రక్తప్రవాహము చెప్పినదన్నమాట.

అయితే మూడు హెచ్చరికలు ఇక్కడనే చెప్పనిది నా మనస్సు ఊరుకొనదు. మొదటిది: రోగి వేళకు వచ్చినపుడు ఈ పటము కొఱకు సూదిమందును ఆపరాదు, రక్తస్రావము లేదని సాధారణ సి.టి. చూపినచో అదియే చాలును, నిమిషమునకు ఇంచుమించు 19 లక్షల నాడీకణములు పోవుచుండునని లెక్కవేసినవారు కలరు. రెండవది: గుండె నీరసముగా కొట్టుకొనువానికి మందు అసలే యాలస్యముగా వచ్చును గనుక పటము తప్పుదారి పట్టించవచ్చును, వ్యాధి మొదలైన తొలిగంటలో "పోయిన భాగము" అని పటము చూపినది, రక్తము తిరిగి పాఱిన పిమ్మట బ్రతికి బయటపడిన సందర్భములును ఉన్నవి. మూడవది మఱింత ముఖ్యము. చచ్చిన భాగము పెద్దదిగా నున్నదని పటము చూపినచో, "ఇక లాభము లేదు" అని రోగిని విడిచిపెట్టుట కొంతకాలము వాడుకైనది. 2022లో జపానులోను, 2023లో చైనాలోను, అమెరికా మొదలగు దేశములలోను జరిగిన పరిశోధనలు అట్టివారిలో కూడ గడ్డను తీసివేసినచో, పూర్తిగా కోలుకొనువారు తక్కువే యైనను, తీయనివారికంటె మేలు పొందుదురని నిరూపించినవి. పటము తలుపు తెఱచుటలో సత్యవాదియే. తలుపు మూయుటలో దానిని అంతగా నమ్మరాదు.

ఇక మూర్ఛ. మన దేశమున మూర్ఛ వచ్చినవాని చేతిలో ఇనుప తాళపుచెవుల గుత్తి పెట్టు నలవాటు నేటికిని పోలేదు. దానివలన ప్రయోజనము లేకపోయినను అపకారము తక్కువ గనుక దానిని గూర్చి కోపపడను గాని, నోటిలో చెంచాయో గుడ్డయో క్రుక్కు నలవాటును మాత్రము తప్పక మానవలెను. మందులతో మూర్ఛ అదుపులోనికి రానివారు నూటికి ఇంచుమించు ముప్పదిమంది యుందురు. వారిలో కొందఱికి మూర్ఛ పుట్టు తావు మెదడులో ఒక్కటే యై, దానిని కోసి తీసివేసినచో వ్యాధి నిలిచిపోవచ్చును. తిరువనంతపురమునందలి శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో 1995 నుండియు, మన హైదరాబాదు నిమ్స్‌లోను ఇట్టి శస్త్రచికిత్సలు జరుగుచున్నవి. ఎం.ఆర్.ఐ.లో మచ్చ కనబడినపుడు తావును గుర్తించుట సులభము. మచ్చ కనబడనపుడు కత్తి ఎక్కడ పెట్టవలెను?

ఇట్టి సందర్భమున స్పెక్ట్ అను పరీక్ష చేయు సాయము ఆశ్చర్యకరము. టెక్నీషియం అను రేడియోధార్మిక మూలకమును ఒక మందుతో జతపఱచి సిరలో ఎక్కించినచో, ఆ మందు కొవ్వులో కరగు స్వభావము గలది గనుక రక్తమునుండి మెదడులోనికి చొచ్చుకొనిపోయి, అక్కడ తన రూపము మార్చుకొని, మరల బయటకు రాలేక చిక్కుకొని పోవును. ఎక్కువ రక్తము వచ్చిన భాగమున ఎక్కువ, తక్కువ వచ్చిన భాగమున తక్కువ. ఇదంతయు ఒకటి రెండు నిమిషములలో ముగియును. ఆ పిదప రక్తప్రవాహము ఎట్లు మారినను మందు కదలదు; గంటయో రెండు గంటలో గడచిన తరువాత తీఱికగా గామా కెమెరా క్రింద పండుకొనబెట్టి చిత్రించినను, సూది వేసిన ఆ రెండు నిమిషముల మెదడే కనబడును. మూర్ఛలో కొట్టుకొనుచున్న మనిషిని యంత్రములోనికి ఎక్కించుట అసాధ్యము. ఈ మందు ఆ యవసరమునే తప్పించినది.

కాని సూది వేయవలసినది మూర్ఛ మొదలైన తక్షణమే. అందుచేత రోగిని ఒక గదిలో నుంచి, తలకు తీగలు తగిలించి, కెమెరాతో రేయింబవళ్లు కనిపెట్టి, చేతి సిరకు ముందే గొట్టము అమర్చి, సీసపు తొడుగులోని మందుతో ఒక నర్సు ప్రక్కనే కాచుకొని కూర్చుండును. ఆ నిరీక్షణము ఎంత క్లిష్టమో ఊహింపుడు: మందులు తగ్గించి మూర్ఛను కోరి పిలుచుచున్నారు, అది ఎప్పుడు వచ్చునో తెలియదు, వచ్చినపుడు ముప్పది సెకనులలోపున సూది పోవలెను. టెక్నీషియం బలము ఆఱు గంటల కొకమాఱు సగమగును గనుక, ఉదయము నింపిన మందునే మధ్యాహ్నము వాడవలసి వచ్చినచో, అంతే బలము కొఱకు రెట్టింపు మోతాదు ఎక్కించవలెను. ఆ లెక్కను గోడకు వ్రేలాడగట్టుకొందురు. ఆ రోజునకు మూర్ఛ రాలేదా, మందు వృథా. మరునాడు మరల క్రొత్తది. ఈ పరీక్ష యొక్క గౌరవమంతయు ఖరీదైన యంత్రమునకంటె ఆ నర్సు చురుకుదనమునకే చెందవలెనని నేను మనస్ఫూర్తిగా నమ్ముచున్నాను.

సూది వేళకు పడినచో మూర్ఛ పుట్టిన తావు అధికప్రవాహముతో వెలుగును. మూర్ఛ లేనపుడు ఆ తావే మందముగా నుండును. రెండు చిత్రములను తీసి, ఒకదానినుండి మఱొకదానిని కంప్యూటరు చేత తీసివేయించి, మిగిలిన దానిని ఎం.ఆర్.ఐ. పటముపై పఱచు పద్ధతి 1990లలో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రూపొందినది. సూది ఆలస్యమైనచో మాత్రము కథ తాఱుమాఱగును. మూర్ఛ పుట్టినచోటనే నిలువక ఇరుగుపొరుగు భాగములకు ప్రాకును. అప్పటికి పుట్టిన తావున రక్తము తగ్గి, ప్రాకినచోట హెచ్చియుండును. చిత్రము అబద్ధమాడలేదు, తానెఱిగిన నిమిషమును గూర్చి నిజమే చెప్పినది. ఆ నిమిషము ఏదియో తెలియని వైద్యుడు మాత్రము తప్పుచోట కత్తి పెట్టగలడు.

మతిమఱుపు విషయమున నేను క్లుప్తముగానే చెప్పెదను. ఆల్జైమర్ వ్యాధిలో కణత వెనుకభాగమునను, దానిపైనున్న పార్శ్వభాగమునను రెండు ప్రక్కల రక్తము తగ్గును. నడవడి మారుటతో మొదలగు మఱియొక జాతి మతిభ్రంశములో నుదుటి వెనుకభాగమున తగ్గును. లేనివి ఉన్నట్లు కనబడు లూయీ జాతి వ్యాధిలో దృష్టికి చెందిన వెనుకభాగమున కూడ తగ్గును. వైద్యుడు రోగిని, ఇంటివారిని చక్కగా విచారించిన పిమ్మట రెండు వ్యాధుల నడుమ ఊగిసలాడుచున్నచో ఈ చిత్రము త్రాసును ఒకవైపు కొంచెము వంచగలదు. విచారింపకమున్నే చిత్రమును అడిగినచో అది చెప్పునది స్వల్పము. గ్లూకోజు వినియోగమును చూపు పెట్ స్కాన్ ఈ పనిలో దీనికంటె కొంత మెఱుగని ఇప్పటి యభిప్రాయము.

ఇప్పుడు తికమకలను గూర్చి. రక్తము తక్కువగా నున్నచోటనే వ్యాధి యున్నదనుకొనుట సహజము. కాని పెద్దమెదడులో కుడిప్రక్కన పక్షవాతపు దెబ్బ తగిలినచో, ఎడమప్రక్క చిన్నమెదడులో రక్తము తగ్గుటను జాఁ-క్లోద్ బారన్ అను ఫ్రెంచి వైద్యుడును ఆయన సహచరులును 1980లో చూపిరి. ఆ చిన్నమెదడులో జబ్బేమియు లేదు. తనకు వార్త పంపవలసినవాడు మూగవోవుటచేత అది పనిలేక యున్నది, పనిలేనిచోటికి రక్తము తగ్గినది. దీనికి సరిగా ఎదురైనది లాసెన్ 1966లోనే వర్ణించెను: గడ్డ తానై కరగి ప్రవాహము తిరిగివచ్చినపుడు, చచ్చిన భాగమునకు సైతము అవసరమునకు మించిన రక్తము ప్రవహించును. ఆ దినములలో చిత్రించినచో ఆ భాగము సుభిక్షముగా వెలుగును. ఆరోగ్యముగల భాగము మందముగాను, చచ్చిన భాగము దేదీప్యముగాను కనబడు పటమును ఏ వేళ తీసిరో, ఎందుకు తీసిరో ఎఱుగకుండ చదువువాడు ఏమని చెప్పగలడు?

ఇంతకంటె గాఢమైన పాఠమును 2011లో ప్రచురితమైన ఒక పరిశోధన చెప్పినది. మెడలోని ప్రధాన ధమని పూర్తిగా మూసుకొనిపోయి, ఆవైపు మెదడు వచ్చిన కొద్దిరక్తమునుండియే అధికముగా ప్రాణవాయువును పిండుకొనుచున్నదని పెట్ స్కాన్ వలన తేలినవారిని ఏర్చి, సగముమందికి నెత్తిచర్మపు ధమనిని పుఱ్ఱెలోనికి త్రిప్పి మెదడు ధమనితో కుట్టిరి. తర్కము నిర్దుష్టము: నీరు చాలనిచోటికి క్రొత్త కాలువ. చిత్రములును ఆనందము కలిగించినవి; శస్త్రచికిత్స పిమ్మట ప్రాణవాయువు లోటు తగ్గెను. కాని మొదటి ముప్పది దినములలోనే శస్త్రచికిత్స పొందినవారిలో నూటికి 14.4 మందికి ఆప్రక్కన పక్షవాతము వచ్చెను, పొందనివారిలో 2 మందికి. రెండేండ్లు గడచునప్పటికి మొత్తము లెక్క 21కి 22.7. అనగా ఇంచుమించు సమానము. పరిశోధనను నడుమనే ఆపివేసిరి. చిత్రము బాగుపడినది, రోగి బాగుపడలేదు. మోయమోయ అను నాళవ్యాధి గలవారిలో ఇట్టి శస్త్రచికిత్సయే మేలు చేయుచున్నదనుటయు సత్యమే గనుక, పద్ధతిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. చిత్రము చక్కబడుటను చికిత్స ఫలించుటగా లెక్కింపరాదనుటయే.

ఇది తెలిసిన పిమ్మట, మనోవ్యాధుల విషయమున జరుగుచున్న వ్యాపారమును చూచినపుడు మనస్సు చివుక్కుమనును. అమెరికాలో కొన్ని ప్రైవేటు వైద్యశాలలు దిగులునకు, ఆందోళనకు, పిల్లల అనవధానతకు, కడకు దంపతుల కలహములకు కూడ స్పెక్ట్ చిత్రములు తీసి, వానిని జూచి మందులు వ్రాయుచున్నవి. రుసుము వేల డాలర్లు. ఆ దేశపు మనోవైద్య సంఘమువారి నిపుణులు మాత్రము, ఒక రోగి చిత్రమును చూచి మనోవ్యాధి పేరు నిర్ణయించుటకు తగిన యాధారము ఇంకను లేదని తెలిపియున్నారు. ఆ చిత్రములలో మెదడు ఉపరితలమున గుంటలు పడినట్లు కనబడును. శ్రోతలు గమనింపవలెను: అవి గుంటలు కావు. ఫలానా అంకెకు తక్కువైన భాగమును చూపవద్దని కంప్యూటరునకు ఆజ్ఞాపించినచో అక్కడ ఖాళీ కనబడును. ఆ యంకెను కొంచెము దించినచో గుంట పూడిపోవును. ఎఱుపు, నీలము మెదడులో లేవు; అవి కంప్యూటరు ఎదుట కూర్చున్నవాడు ఎంచుకొన్న వన్నెలు. నూఱుమంది రోగుల సగటునకు, నూఱుమంది ఆరోగ్యవంతుల సగటునకు భేదము కనబడుట వేఱు. ఎదుట నున్న యీ యొక్క మనిషి యే గుంపులోనివాడో చెప్పుట వేఱు. తల్లిదండ్రుల బెంగను రంగులలో అచ్చువేసి అమ్ముట వైద్యము కాదని చెప్పుటకు నాకు సంకోచము లేదు.

మెదడు మరణమును గూర్చి ఒక్కమాట. అట్టివారి స్పెక్ట్ చిత్రములో ముఖము, నెత్తిచర్మము వెలుగుచుండగా పుఱ్ఱె లోపలిభాగము ఒట్టి చీకటిగా కనబడును. అయినను మన దేశమున 1994 నాటి అవయవమార్పిడి చట్టమునుబట్టి మెదడు మరణమును నలుగురు వైద్యులు, కనీసము 6 గంటల యెడముతో రెండుసార్లు రోగిని పరీక్షించి నిర్ణయింతురు. తెలుగు రాష్ట్రములలో జీవన్‌దాన్ పథకము క్రింద జరుగు అవయవదానములకు ఆధారము ఆ పరీక్షయే గాని చిత్రము కాదు.

సూదియే లేని పద్ధతియు నొకటి కలదు. మెడలో ప్రవహించు రక్తములోని నీటినే అయస్కాంత తరంగములతో గుర్తుపెట్టి, అది మెదడునకు చేరిన పిమ్మట ఎం.ఆర్.ఐ. యంత్రముతో లెక్కగట్టు ఈ విధానమునకు 1992లో జాన్ డీటర్ మొదలగువారు దారి చూపిరి. బయటి మందు లేదు, రేడియోధార్మికత లేదు. చిన్నపిల్లలకును, మూత్రపిండములు చెడినవారికిని మిగుల ననుకూలము. చిత్రము కొంత మసకగా నుండుటయు, ముసలివారిలో రక్తము ఆలస్యముగా చేరుటచేత గుర్తు మాసిపోవుటయు దీని లోపములు.

ఈ ప్రసంగము వినువారిలో ఎవరికైనను రేపో మాపో స్పెక్ట్ పరీక్ష వ్రాసియుండవచ్చును గనుక, వారికి పనికివచ్చు కొన్ని సంగతులు చెప్పి సెలవు పుచ్చుకొందును. కాఫీ మెదడులోని రక్తనాళములను ముడుచుకొనజేసి ప్రవాహమును తగ్గించును. ఆనాటి యుదయము కాఫీగాని టీగాని పుచ్చుకొనరాదు, పొగ త్రాగరాదు. సూదిపోటు నొప్పికి సైతము మెదడు స్పందించును గనుక, చేతికి గొట్టమును ముందుగా అమర్చి, మిమ్ము మసక వెలుతురున, సద్దులేని గదిలో కొంతసేపు ఊరక కూర్చుండబెట్టి, ఆ తరువాతనే మందు ఎక్కింతురు. ఆ సమయమున ఎవరును మిమ్ము పలుకరించరు. దానిని నిర్లక్ష్యముగా భావింపకుడు. మీరును సెల్‌ఫోను చూడరాదు, వెంటవచ్చిన వారితో మాటలాడరాదు. వాడు కిరణముల మోతాదు ఇంచుమించు 7 మిల్లీసీవర్టులు, అనగా ప్రకృతినుండి మూడేండ్లలో మన దేహమునకు సహజముగా సోకునంత. పెద్దవారు భయపడవలసినది కాదు, ఊరక తీయించుకొనవలసినదియు కాదు. పరీక్ష ముగిసిన పిమ్మట నీరు ఎక్కువగా త్రాగి, మూత్రమునకు తఱచు పోవలెను. గర్భవతులును, పాలిచ్చు తల్లులును ఆ సంగతిని సూది వేయకముందే చెప్పవలెను. పాలు ఎంతసేపు మానవలెనో అక్కడివారు చెప్పుదురు. మీరు వాడుచున్న మందుల చీటీ మఱచిపోక తీసికొనిపోవలెను. ఈ చిత్రము వలన ఏ సందేహము తీఱవలసియున్నదో మీ వైద్యుని చేత ఆ చీటీమీదనే ఒక్క వాక్యము వ్రాయించుకొన్నచో, చిత్రమును చదువు వైద్యునకు అంతకంటె గొప్ప యుపకారము లేదు.